కామెర్లకు పసరు వేయించాలా? ఒక తల్లి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: మాది తూర్పు గోదావరి జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయికి 19 ఏళ్ళు. హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నాలుగు రోజులు జ్వరం, వాంతులు వచ్చి, జ్వరం తగ్గిన మరునాటికి కళ్ళు పచ్చబడ్డాయి. ఇంటికి తీసుకొచ్చి పరీక్ష చేయిస్తే బిలిరుబిన్ 6.8, కాలేయం వాపును చెప్పే ఎస్.జి.పి.టి. 1,140 అని వచ్చింది. డాక్టరు గారు విశ్రాంతి తీసుకోమన్నారు తప్ప, వాంతులు తగ్గే బిళ్ళ మినహా మందేమీ రాయలేదు. కామెర్లకు ఇంగ్లీషు మందు లేదనీ, పసరు ఒక్కటే గతి అనీ మా అత్తగారు పట్టుబడుతున్నారు. పక్క ఊళ్ళో ఆది, గురువారాల్లో పరగడుపున పసరు పోస్తారు. ఆ తరువాత పదకొండు రోజులు ఉప్పు, నూనె, పసుపు లేని పథ్యం చేయాలట. పసరు వేయించవచ్చా? మా పెరట్లో ఉన్న నేల ఉసిరి నూరి ఇవ్వవచ్చా? ఇది ఇంట్లో వాళ్ళకు అంటుకుంటుందా? పురిటికి వచ్చిన మా అమ్మాయి కూడా ఇంట్లోనే ఉంది, ఆమెకు ఏడో నెల.

జవాబు: అమ్మా, మీ ఉత్తరమంతా మీ అబ్బాయి గురించే అయినా, చదివిన తరువాత నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మీరు చివరలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన మీ అమ్మాయి సంగతి. అందుచేత ఆమె విషయంతోనే మొదలుపెడతాను. పసరు సంగతి ఆ తరువాత చూద్దాం.

మీరు చెప్పిన లక్షణాలను బట్టీ, రక్తపరీక్షలో వచ్చిన అంకెలను బట్టీ చూస్తే, మీ అబ్బాయికి వచ్చినవి నీటి ద్వారా సోకే కామెర్లు అయి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది. వీటిని కలిగించే వైరస్‌లు ప్రధానంగా రెండు. ఒకటి హెపటైటిస్ ‘ఎ’, రెండోది హెపటైటిస్ ‘ఇ’. ఈ రెండూ రోగి మలంతో బయటికి వచ్చి, ఎక్కడో మురుగునీరు మంచినీటిలో కలిసిన చోట ఆ నీటిలోనో, కడగని చేతుల ద్వారా తిండిలోనో చేరి, మరొకరి నోటి గుండా లోపలికి పోతాయి. రోగి పక్కన కూర్చున్నందువల్ల గాని, అతనితో మాట్లాడినందువల్ల గాని, అతని దుప్పటి తాకినందువల్ల గాని అంటుకోవు. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడికి ఈ రెండింటిలో ఏది సోకినా సాధారణంగా కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. అయితే హెపటైటిస్ ‘ఇ’ గర్భిణికి, అందులోనూ చివరి మూడు నెలల్లో సోకితే సంగతి పూర్తిగా వేరు. కాలేయం ఉన్నట్టుండి పనిచేయడం మానేసే ప్రమాదం ఉంటుంది. ఆ నెలల్లో ఈ వ్యాధి సోకిన గర్భిణులలో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1978లో కాశ్మీరు లోయలో కామెర్లు పెద్ద ఎత్తున వ్యాపించినప్పుడు, చనిపోతున్న వారిలో గర్భిణులు ఎక్కువగా ఉండడాన్ని డాక్టర్ మొహమ్మద్ సుల్తాన్ ఖురూ గమనించి, ఇది అప్పటికి తెలిసిన కామెర్ల వైరస్‌ల పని కాదని గుర్తించారు. అప్పటికి ఆ వైరస్‌కు పేరు కూడా లేదు.

మిమ్మల్ని బెదిరించడానికి ఇది రాయడం లేదు. హెపటైటిస్ ‘ఇ’ ఒకే ఇంట్లో ఒకరి నుండి మరొకరికి సోకడం అంత తరచుగా జరిగేది కాదు, కలుషితమైన నీరే దానికి అసలు దారి. అయినా పోయేది పెద్దదైనప్పుడు చిన్న అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మీ అమ్మాయిని చూస్తున్న డాక్టరు గారికి ఇంట్లో కామెర్లు వచ్చాయన్న సంగతి ఈ రోజే చెప్పండి. వీలుంటే నెల రోజుల పాటు ఆమెను అత్తవారింట్లోనో, దగ్గరి బంధువుల ఇంట్లోనో ఉంచండి. వీలు కాకపోతే మీ అబ్బాయి వాడే మరుగుదొడ్డి వేరుగా ఉండేలా చూడండి. ఇంట్లో ఉన్నది ఒక్కటే అయితే అతను వెళ్ళి వచ్చిన ప్రతిసారీ బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళతో కడగండి. అతను సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వంటింట్లో దేనిమీదా చేయి పెట్టకూడదు, ముఖ్యంగా తాగేనీళ్ళ బిందెలో గ్లాసు ముంచకూడదు. ఇంటిల్లిపాదీ బాగా తెర్లిన నీళ్ళనే చల్లార్చి తాగండి. వైరస్ మలంలో కనబడే కాలం వ్యాధి మొదలైన తరువాత మూడు, నాలుగు వారాల వరకు ఉండవచ్చు కనుక, కళ్ళు తెల్లబడగానే ఈ జాగ్రత్తలు వదిలేయకండి.

మీ అమ్మాయికి జ్వరం, తిండి వాసన పడకపోవడం, వికారం, మూత్రం ముదురు రంగులో రావడం వంటివి ఏవి కనిపించినా కళ్ళు పచ్చబడేదాకా ఆగకుండా అదే రోజు కాలేయ పరీక్షలు చేయించండి. ఏడో నెలలో వికారం మామూలే కదా అని సరిపెట్టుకోవద్దు. ఇంకొక మాట. ‘ముందు జాగ్రత్తగా అందరూ తలో గుక్క తాగండి’ అని పసరు ఇంటిల్లిపాదికీ పోసే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఆ గుక్క మీ అమ్మాయి నోటి దాకా రాకూడదు.

మీ అబ్బాయికి వచ్చినది ‘ఎ’యా ‘ఇ’యా తెలుసుకోవడానికి రక్తపరీక్ష ఉంది. ఐ.జి.ఎం. యాంటీబాడీల పరీక్ష అంటారు. అతని వైద్యం వరకు దీనివల్ల పెద్ద తేడా రాదు. మీ ఇంట్లో గర్భిణి ఉన్నది కనుక చేయించమంటున్నాను. ‘ఎ’ అని తేలితే ఇంట్లో మిగతావారికి టీకా వేయించడం గురించి డాక్టరును అడగండి. రోగితో కలిసి ఉన్న రెండు వారాల లోపల వేస్తే అది రక్షణ ఇస్తుంది. హెపటైటిస్ ‘బి’, ‘సి’ పరీక్షలు కూడా ఈ చేత్తోనే చేయించండి. ఇవి రక్తం ద్వారా, ఒకరికి వాడిన సూదులు మరొకరికి వాడడం ద్వారా వస్తాయి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ రెండింటికీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం.

మరో సంగతి కూడా చెబుతాను. ఇది మీ అబ్బాయి మీద కోపం తగ్గించడానికి పనికి వస్తుంది. జ్వరం వచ్చే ముందు రోజు బయట ఏం తిన్నావని మీరు అతన్ని నిలదీసే ఉంటారు. అది వృథా ప్రశ్న. హెపటైటిస్ ‘ఎ’ వైరస్ లోపలికి వెళ్ళాక జబ్బు బయటపడడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది, ‘ఇ’కి రెండు నుండి పది వారాలు. నెల కిందట తాగిన నీళ్ళకు ఈ నెల పానీపూరీ బండివాడు దోషి అవుతున్నాడు. హాస్టల్ వార్డెనుకు ఫోన్ చేసి, మరికొందరు పిల్లలకు కూడా ఇలాగే ఉందేమో అడగండి. ఉందంటే ట్యాంకును, పైపులను చూడమనండి. 1955 చివరలో యమునకు వరద వచ్చి ఢిల్లీ మంచినీటిలో మురుగు కలిసినప్పుడు క్లోరిన్ ఎక్కువ వేసినందువల్ల టైఫాయిడ్ పెరగలేదు గాని, దాదాపు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. నీళ్ళలో మందు కలిపాం కదా అన్న భరోసా ఈ వైరస్‌ల దగ్గర ఎప్పుడూ చాలదు.

ఇప్పుడు పసరు దగ్గరకు వద్దాం. దానికి ముందు కామెర్లు అంటే ఏమిటో ఒక్కసారి చూడాలి, ఎందుకంటే గొడవంతా కామెర్లు ఒక జబ్బు అనుకోవడం దగ్గరే ఉంది. మన రక్తంలో ఎర్రకణాలు సుమారు 120 రోజులు బతికి, పాతబడి, విరిగిపోతాయి. అప్పుడు పుట్టే పచ్చని పదార్థమే బిలిరుబిన్. కాలేయం దాన్ని రక్తంలో నుండి తీసి పైత్యరసంలో కలిపి పేగులోకి పంపుతుంది. మలానికి ఆ రంగు వచ్చేది దానివల్లే. రక్తకణాలు మితిమీరి విరిగినా, కాలేయం వాచి పని చేయలేకపోయినా, పైత్యరసం పేగులోకి దిగే గొట్టానికి ఏదైనా అడ్డుపడినా బిలిరుబిన్ రక్తంలో నిలిచిపోయి, 2 లేదా 3 దాటేసరికి కంటి తెల్లగుడ్డులో కనబడుతుంది. మామూలుగా అది 1.2 లోపల ఉండాలి. కనుక కామెర్లు, మా వైపు పసరికలు అన్నా అదే, జబ్బు పేరు కాదు, ఒక గుర్తు. జ్వరం ఎలా పది జబ్బులకు గుర్తో ఇదీ అంతే. పది జబ్బులకు ఒకే పసరు అన్నప్పుడే మనకు అనుమానం రావాలి.

పసరుకు అంత పేరు ఎలా వచ్చిందంటే, కామెర్లు వచ్చిన వారిలో ఎక్కువ మందికి ఉండేవి మీ అబ్బాయికి వచ్చిన రకమే, అంటే దానంతట అది తగ్గేవే. జ్వరం, వాంతులు తగ్గి కళ్ళు పచ్చబడిన దశలో మనవాళ్ళు పసరు కోసం వెళతారు. నిజానికి ఈ వ్యాధిలో కళ్ళు పచ్చబడేసరికి ఒంట్లో వైరస్ ఉధృతి తగ్గడం మొదలై ఉంటుంది, ఆకలి నాలుగు రోజుల్లో తిరిగి వచ్చేదే, పచ్చదనం రెండు నుండి ఆరు వారాల్లో పోయేదే. సరిగ్గా ఆ మలుపులో పోసిన పసరు, పెట్టిన వాత, కట్టిన తాయెత్తు అన్నీ పనిచేసినట్టే కనిపిస్తాయి. కాలేయం తనను తాను బాగుచేసుకుంటే కీర్తి పసరు పోసినవాడికి దక్కింది. మీ డాక్టరు గారు మందు రాయకపోవడం అసమర్థత కాదు. వైరస్‌ను చంపే మందు దీనికి అవసరం లేదని తెలిసి, పది బిళ్ళలు రాసి మీ తృప్తి కొనుక్కోకుండా ఊరుకున్నారు. అలాంటి వైద్యుడు దొరికితే వదులుకోకండి.

‘మా కళ్ళ ముందే పచ్చ దిగిపోయింది’ అనే వారి మాట కూడా విందాం. కొన్ని చోట్ల రోగి చేతులకు ఏదో పసరు పూసి, సున్నపుతేట పోసిన పళ్ళెంలో కడిగిస్తారు. చూస్తుండగానే నీళ్ళు పసుపుపచ్చగా మారతాయి. ఒంట్లోని కామెర్లు దిగాయని చుట్టూ ఉన్నవాళ్ళు దండం పెడతారు. మామిడి చెక్క రసాన్ని చేతులకు రాసుకుని సున్నపుతేటలో ముంచితే ఎవరి చేతుల నుండైనా ఆ పచ్చరంగు దిగుతుంది. మీ ఇంట్లో ఎవరి మీదనైనా చేసి చూడవచ్చు, కామెర్లు ఉండనవసరం లేదు. ముక్కులో ఘాటైన రసం పిండితే పచ్చని నీరు ధారగా కారడం కూడా ఇలాంటిదే. అది కామెర్ల నీరు కాదు, ఒరుసుకుపోయిన ముక్కులోపలి పొర కార్చే స్రావం. కంట్లో పసరు పిండించుకుని నల్లగుడ్డు మీద పుండు పడి, కామెర్లు తగ్గాక చూపు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. చేతిమీద కాల్చిన వాత చీము పట్టడం వేరే చెప్పాలా? తమాషా ఏమిటంటే మన భాషలో ఆకు పిండితే వచ్చేదీ పసరే, వాంతిలో పచ్చగా పడేదీ పసరే. పసరును పసరుతోనే దించాలన్న ఆలోచన మాటలోనే దాగి ఉందేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

కడుపులోకి పోసే పసరుతో చిక్కు ఇంకొకటి. అందులో ఏమున్నదో పోసేవారు చెప్పరు, చెబితే మందు పనిచేయదంటారు. ఒంట్లోకి వెళ్ళిన ప్రతి ఆకు రసాన్నీ, ప్రతి మందునూ చివరకు విడగొట్టవలసింది కాలేయమే. వాచి ఉన్న కాలేయానికి పేరు తెలియని పని అప్పగించడం, కాలు విరిగినవాడి నెత్తిన మూట పెట్టడం లాంటిది.

పసరు వల్ల జరిగే అసలు నష్టం చాలాసార్లు అందులోని ఆకుతో కాదు, దానికోసం పోగొట్టుకునే రోజులతో. నా దగ్గరకు ఒకసారి యాభై దాటిన ఒక రైతును తీసుకువచ్చారు. చేతులు, పొట్ట, వీపు నిండా గోళ్ళ గీతలు, కొన్ని చోట్ల రక్తం చారలు కట్టి ఉంది. రాత్రి దురదకు నిద్ర లేక దువ్వెనతో గోక్కునేవాడట. ఆరు వారాల్లో మూడు చోట్ల పసరు పోయించుకున్నాడు. మలం ఏ రంగులో వస్తోందని అడిగితే కాసేపు ఆలోచించి, తడిపిన సుద్దలా ఉంటోందన్నాడు. ఆ ఒక్క మాటతో సగం రోగనిర్ణయం అయిపోయింది. స్కానింగులో పైత్యనాళంలో రాయి కనబడింది. రాయి తీసిన తరువాత పచ్చదనం, దురద రెండూ తగ్గాయి. అది రాయి కాక క్యాన్సర్ గడ్డ అయి ఉంటే ఆ ఆరు వారాలు ఎంత విలువైనవో మీరే ఊహించండి.

అందుకని ఏ పచ్చదనం ఎలాంటిదో ఇంట్లోనే కొంతవరకు పోల్చుకోవడం తెలిసి ఉండాలి. మొదట పచ్చదనం ఉన్నదీ లేనిదీ పగటి వెలుగులో, ఆరుబయట చూడండి, ట్యూబులైటు కింద కాదు. మనిషిని కిందికి చూడమని పైరెప్ప ఎత్తి తెల్లగుడ్డును చూడాలి. అరచేతులు పచ్చగా ఉండి కంటి తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే అవి కామెర్లు కావు, క్యారెట్, బొప్పాయి అతిగా తినేవారికి అలా అవుతుంది. బి కాంప్లెక్స్ బిళ్ళ వేసుకున్నా మూత్రం నిమ్మపచ్చగా వస్తుంది. కామెర్ల మూత్రం అలా ఉండదు, చిక్కని టీ డికాషన్ రంగులో ఉండి, పైన నురగ కూడా పచ్చగా ఉంటుంది. అన్నట్టు, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందన్న సామెత లోకజ్ఞానానికి పనికి వస్తుంది గాని వైద్యానికి రాదు. ఏ రోగీ నాతో ఆ మాట చెప్పలేదు.

మీ అబ్బాయికి జరిగినట్టు జ్వరం తగ్గాక పచ్చదనం రావడం ‘ఎ’, ‘ఇ’ రకాల తీరు. జ్వరం తగ్గకుండా పచ్చదనం కూడా వస్తే వేరే జబ్బులను వెతకాలి. వరి నాట్ల కాలంలో బురదలో పనిచేసిన మనిషికి తీవ్రమైన జ్వరం, పిక్కలు పట్టుకుంటే అరిచేంత నొప్పి, ఎర్రబడిన కళ్ళు, ఆపైన పచ్చదనం, మూత్రం తగ్గడం కనిపిస్తే అది ఎలుకల మూత్రం ద్వారా సోకే ఎలుక జ్వరం కావచ్చు. దానికి యాంటీబయాటిక్ వైద్యం ఉంది, ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మలేరియా కూడా ఇలా రావచ్చు. మూత్రం మామూలు రంగులోనే ఉండి, కళ్ళు పచ్చగా, మనిషి పాలిపోయి, ఎముకల్లో నొప్పులతో ఉంటే రక్తకణాలు విరిగే జబ్బును అనుమానించాలి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ వ్యాధి ఉంది. నొప్పి లేకుండా పచ్చబడి, బరువు తగ్గిపోతున్న పెద్దవయసు వారికి వెంటనే స్కానింగ్ చేయించాలి. సారా, బ్రాందీ అలవాటున్న వారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. క్షయకు మందులు వాడుతున్నవారికి కళ్ళు పచ్చబడితే ఆ మందుల వల్లే కావచ్చు కనుక ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఇవన్నీ కాక గిల్బర్ట్ అనే నిరపాయకరమైన తీరు ఒకటి ఉంది. ఉపవాసం చేసినప్పుడో, జలుబు చేసినప్పుడో బిలిరుబిన్ 2 లేదా 3కు పెరిగి కళ్ళు కాస్త పచ్చబడతాయి, మిగతా పరీక్షలన్నీ బాగుంటాయి. అలాంటివారు ‘నాకు ఏటా కామెర్లు వస్తాయి’ అంటూ ఏటా పసరు పోయించుకుంటారు, ఏటా తగ్గుతాయి. పసరు వ్యాపారానికి వీళ్ళకంటే మంచి సాక్షులు ఉండరు.

నేల ఉసిరి సంగతి అడిగారు. ఆకు కింద వరుసగా ఆవగింజల్లాంటి కాయలుండే ఈ మొక్కను నేను విషమని గాని, పనికిరానిదని గాని అనను. దానిమీద పెద్ద శాస్త్రవేత్తలే మనసు పెట్టారు. హెపటైటిస్ ‘బి’ వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి పంచుకున్న బరూచ్ బ్లంబర్గ్, మద్రాసులోని పరిశోధకులతో కలిసి నేల ఉసిరిని పరీక్షించారు. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితంలో, 30 రోజులు చూర్ణం వాడిన 37 మంది ‘బి’ వాహకుల్లో, అంటే ఆ వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవారిలో, 22 మందికి రక్తంలో వైరస్ ఆనవాలు పోయిందన్నారు. దేశమంతా ఆశపడింది. ఆ తరువాత వేరే చోట్ల చేసిన పరిశీలనల్లో ఆ ఫలితం నిలబడలేదు. అదీ హెపటైటిస్ ‘బి’ గురించిన మాట, మీ అబ్బాయికి వచ్చినదాని గురించి కాదు. తనంతట తగ్గే వ్యాధిలో, మీరే కోసి, మీరే నూరి, ఎంత ఇవ్వాలో తెలియకుండా ఇచ్చే దానివల్ల కలిసివచ్చేది ఏమీ లేదు. అందుకని వద్దంటాను. పెరట్లో దాన్ని పోలిన కలుపు మొక్కలు కూడా ఉంటాయని మరచిపోకండి.

నేల ఉసిరికంటే నాకు ఎక్కువ భయం తిప్పతీగతో. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి పేరిట ఇంటింటా తిప్పతీగ కషాయం కాచారు. దాని తరువాత కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు, 2022లో దేశంలోని 13 ఆసుపత్రుల నుండి 43 మంది వివరాలు వచ్చాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను అంగీకరించలేదు. వాదం ఎలా ఉన్నా, కాలేయం వాచి ఉన్నవాడికి తిప్పతీగ ఇవ్వకూడదన్న నా సలహా మారదు. ఒంటినొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే నిమెసులైడ్ కూడా కాలేయానికి హాని చేయగలదు, మన దేశంలో 12 ఏళ్ళలోపు పిల్లలకు దాన్ని 2011లో నిషేధించారు. మీ అబ్బాయికి మళ్ళీ జ్వరం తగిలితే డాక్టరును అడగకుండా పారాసిటమాల్ కూడా వేయకండి. వేయమన్నా రోజు మొత్తానికి 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్ళలు నాలుగు దాటకూడదు. నీరసంగా ఉన్నాడని ఊళ్ళో ఎవరి చేతనో గ్లూకోజు సీసా ఎక్కించవద్దు. నోటితో తాగగలిగినవాడికి అది అనవసరం, సూది శుభ్రంగా లేకపోతే ‘బి’, ‘సి’ కామెర్లు కొని తెచ్చుకున్నట్టు అవుతుంది.

ఇక పథ్యం. పసుపు మానితే ఒంటిలో పచ్చదనం పోతుందన్నది రంగును చూసి చెప్పిన మాట. కూరలో వేసే చిటికెడు పసుపు బిలిరుబిన్‌గా మారదు. అయితే పసుపు సారాన్ని గుళికలుగా చేసి అమ్ముతున్నవి వేరు, అవి కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలు ఉన్నాయి కనుక అవి వద్దు. ఉప్పు, నూనె, పప్పు అన్నీ మాన్పించి పదకొండు రోజులు చప్పిడి అన్నం పెడితే, ఆకలే లేని కుర్రవాడు ఆ నాలుగు మెతుకులు కూడా తినడు. బాగుపడడానికి కాలేయానికి బలం కావాలి. అతను ఇష్టపడినది, ఇంట్లో వండినది, కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. ఈ వ్యాధిలో వికారం సాయంత్రానికి ముదురుతుంది, పొద్దున తక్కువగా ఉంటుంది. అందుచేత బలమైన తిండి ఉదయమే పెట్టేయండి. ఇడ్లీ, పెసరపప్పు వేసి మెత్తగా వండిన అన్నం, పెరుగు, సయిస్తే గుడ్డు, అరటిపండు ఇవ్వవచ్చు. మధ్యలో ఉప్పు వేసిన గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు ఇవ్వండి. వేపుళ్ళు వాసనకే పడకపోతే మానండి గాని, తాలింపులో చెంచా నూనె పాపం కాదు. బండి దగ్గర చెరకు రసం మాత్రం తేవద్దు. రసంలో దోషం లేదు, అందులో వేసే ఐసు ఏ నీళ్ళదో మనకు తెలియదు.

వారం తరువాత మళ్ళీ పరీక్ష చేయిస్తారు. అప్పుడు బిలిరుబిన్ 6.8 నుండి 9కో, 10కో పెరిగి కనబడవచ్చు. అత్తగారు ‘పసరు వేయించి ఉంటే’ అని తప్పక అంటారు. మొదటి రెండు వారాల్లో అది పెరగడం ఈ వ్యాధిలో మామూలే, దిగడం ఆ తరువాత. మీరు అడిగి చూడవలసిన అంకె వేరొకటి ఉంది. రక్తం గడ్డకట్టే సమయాన్ని చెప్పే ప్రోత్రాంబిన్ పరీక్ష అది, రిపోర్టులో ఐ.ఎన్.ఆర్. అని రాస్తారు. మామూలుగా అది 1 దగ్గర ఉంటుంది. 1.5కు చేరితే కాలేయం ఓడిపోతున్నదని అర్థం. ఎస్.జి.పి.టి. గబగబా తగ్గుతూ, బిలిరుబిన్, ఐ.ఎన్.ఆర్. రెండూ పెరుగుతుంటే అది మెరుగు కాదు, పెద్ద ఆసుపత్రికి వెళ్ళవలసిన సమయం.

పరీక్షల మధ్య రోజుల్లో కనిపెట్టవలసినవి కూడా చెబుతాను. వాంతులు ఆగక నీళ్ళు కూడా నిలవకపోవడం, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, నల్లని మలం, పొట్ట ఉబ్బడం, అన్నిటికంటె ముఖ్యంగా పగలంతా మగతగా పడుకుని రాత్రంతా మేలుకుని ఉండడం, అడిగినదానికి తిక్కగా జవాబు చెప్పడం, కంచం ముందు కూర్చుని ఏం చేయాలో తెలియనట్టు చూడడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా గాలి సోకిందని గాని, వేడి చేసిందని గాని అనుకోకుండా ఆ క్షణమే బయలుదేరండి. కాలేయం వడకట్టలేని విషాలు మెదడుకు చేరినప్పుడు మనిషి అలా మారతాడు. ఈ మార్పు మొదట్లో చాలా సన్నగా ఉంటుంది, రోజూ చూసే ఇంట్లో వాళ్ళకు అందదు. దానికి వైద్యులు మంచం పక్కన చేసే ఒక చిన్న పరీక్ష మీరూ చేయవచ్చు. రోజూ ఉదయం ఒకే వేళకు మీ అబ్బాయి చేత ఒక కాగితం మీద తేదీ వేయించి, సంతకం చేయించి, పక్కన ఐదు కొనల నక్షత్రం గీయించండి. నిన్నటి నక్షత్రం పక్కన ఈనాటిది పెట్టి చూడండి. గీతలు కలవకపోయినా, కొనలు తప్పినా, అక్షరాలు వంకరపోయినా రక్తపరీక్షకంటే ముందే మీకు తెలిసిపోతుంది.

రెండు నెలల్లో మీ ఇంట్లో పసికందు కళ్ళు కూడా పచ్చబడవచ్చు కనుక ఆ మాట ఇప్పుడే చెప్పి ఉంచుతాను. పుట్టిన రెండో, మూడో రోజున వచ్చి వారంలో తగ్గే పచ్చదనం చాలామంది పిల్లలకు మామూలే, తల్లిపాలు తరచుగా పట్టడమే దానికి వైద్యం. పుట్టిన 24 గంటల లోపల పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ళ దాకా పాకినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా పొద్దుటెండలో పడుకోబెట్టి కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రెండు వారాలు దాటినా పచ్చదనం పోకుండా, మలం తెల్లగా వస్తుంటే పైత్యనాళాలు మూసుకుపోయాయేమో చూడాలి. దానికి చేసే శస్త్రచికిత్స రెండు నెలల లోపల అయితేనే బాగా ఫలిస్తుంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లో హెపటైటిస్ ‘బి’ టీకా వేయించడం మరువకండి.

మీ అత్తగారిని మాత్రం కాదని పక్కన కూర్చోబెట్టకండి. మనవడి కోసం ఏదో ఒకటి చేయాలన్న ఆమె ఆరాటం సరైనదే, చేయవలసిన పని మాత్రమే వేరు. తెల్లవారుజామున లేచే అలవాటు ఆమెకు ఎలాగూ ఉంటుంది. ఉదయం ఇడ్లీ తినిపించడం, గంజిలో ఉప్పు వేసి రెండు గంటలకొకసారి తాగించడం, కాగితం మీద నక్షత్రం గీయించి నిన్నటి దానితో సరిచూడడం ఆమెకు అప్పగించండి. వచ్చే వారం పరీక్షకు వెళ్ళేటప్పుడు ఆమెనూ వెంట తీసుకువెళ్ళి, ఆ కాగితాలను డాక్టరు గారికి ఆమె చేతనే ఇప్పించండి.